విశాఖ మన్యం: కొండలు, జ్వరం, జనసంఖ్య

జనాభా లెక్కల పుస్తకంలో పూర్వపు విశాఖపట్నం జిల్లా పుట విప్పి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. 2022లో విభజన జరగక ముందు ఆ జిల్లా వైశాల్యం 11,161 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనసంఖ్య 42,90,589. అనంతగిరి మొదలు కొయ్యూరు వరకు పదకొండు మండలాలలో పరచుకొన్న ఏజెన్సీ భాగం ఒక్కటే దాదాపు 6,300 చదరపు కిలోమీటర్లు, అనగా జిల్లాలో సగానికి మించిన నేల. అక్కడి జనం మాత్రం ఆరు లక్షల పైచిలుకు. జిల్లా జనంలో ఏడవ వంతు. లెక్క వేసి చూస్తే చదరపు కిలోమీటరుకు కొండల్లో 96 మంది, కొండ దిగువన పట్నంతో కలిపి 750 మందికి పైగా నివసిస్తున్నారు. పైగా, ఆ ఆరు లక్షలలో నూటికి తొంభై మంది గిరిజనులే. జిల్లా మొత్తం మీద చూస్తే వారు నూటికి పదునలుగురు మాత్రమే.

కొండ ప్రదేశం గనుక జనం పలుచగా ఉన్నారని చెప్పి ఊరుకోవచ్చును. కాని ఆ సమాధానం చాలదు. నీలగిరులు ఇంతకంటె ఎంతో ఎత్తయిన కొండలు. ఉదకమండలం సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్నది. అయినా 2011లో నీలగిరి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 280 మందికి పైగా ఉన్నారు. వారిలో గిరిజనులు నూటికి అయిదుగురైనా లేరు. ఎత్తయిన కొండ మీదికి మైదాన జనం ఎక్కి నిండిపోగా, అందులో సగం ఎత్తయినా లేని విశాఖ మన్యం కొండవారికే మిగిలిపోవడం ఎట్లా జరిగినది? ఇది భూగోళ శాస్త్రం ఒక్కటే చెప్పగలిగే విషయం కాదు. శిలలను, నీటిని, దోమను, చట్టాన్ని వరుసగా పరిశీలించవలసి ఉన్నది.

మొదట నేల సంగతి. తూర్పు కనుమలు పడమటి కనుమల వలె ఎడతెగని గోడ కావు. నదులు వాటిని ఎక్కడికక్కడ కోసివేసినవి. గోదావరికి ఉత్తరాన మాత్రం అవి గుంపు కట్టి, వెడల్పయి, నిజమైన కొండ దేశంగా రూపొందినవి. విశాఖ మన్యంలో అర్మకొండ శిఖరం 1,680 మీటర్ల ఎత్తు. తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తయిన వాటిలో అది ఒకటి. అరకు లోయ అడుగు భాగమే సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నది. గాలి పైకి పోయినకొద్దీ కిలోమీటరుకు ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందని విద్యార్థులు చదివే ఉంటారు. ఆ లెక్కన విశాఖ రేవు కంటె అరకు ఆరు డిగ్రీలు చల్లగా ఉండాలి. శీతకాలపు రాత్రులలో తేడా ఇంకా హెచ్చు. కొండచరియల మీద చల్లబడి బరువెక్కిన గాలి జారి లోయలో నిలుస్తుంది. చింతపల్లి మండలంలోని లంబసింగి వద్ద మంచు పేరుకొనేంత చలి పడడానికి కారణం ఇదే.

ఈ కొండలలో ముఖ్యమైన శిల పేరు ఖోండలైటు. 1902లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన వాకర్ ఈ కొండలలో నివసించే ఖోండు జాతి పేరును ఈ శిలకు పెట్టినాడు. గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలతో కూడిన రూపాంతర శిల ఇది. పూరీ జగన్నాథాలయంలోను, కోణార్కలోను శిల్పులు చెక్కినది ఈ రాయినే. ఒక జాతి పేరు ప్రపంచమంతటా భూగర్భ శాస్త్ర గ్రంథాలకు ఎక్కినది గాని, ఆ జాతివారి భాష మాట్లాడగల ఉపాధ్యాయుడు వారి బడికి దొరకడం నేటికీ అరుదే.

ఖోండలైటు ఎండకు వానకు లక్షల ఏండ్లు నానగా, అందులోని సిలికా కరిగిపోయి, అల్యూమినియం సమ్మేళనాలు కొండ నెత్తి మీద మిగిలిపోయినవి. అదే బాక్సైటు. గాలికొండ, రక్తకొండ, సప్పర్ల, జెర్రెల వంటి చోట్ల ఇది టోపీ వలె కప్పి ఉన్నది. ఈ టోపీ సచ్ఛిద్రమైనది. వాన నీటిని పీల్చుకొని మెల్లమెల్లగా చరియలలో ఊటలుగా విడిచిపెడుతుంది. కొండ ఊళ్ళలో ఎండాకాలం సైతం తాగునీరు దొరకడంలో ఈ ఊటల పాలు పెద్దది. కొండ తవ్వకం మీద కొండవారికి ఉన్న భయం ఈ సంగతి తెలిసినవారికి సులభంగానే అర్థమవుతుంది.

నీరు పోయే దారి మరీ విచిత్రం. అనంతగిరి వైపు పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల సున్నపురాతి గుండా సాగి, తూర్పుగా దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాని పాడేరు, పెదబయలు వైపు పడిన వాన మత్స్యగెడ్డలో చేరి, మాచ్‌ఖండ్ నదియై, మొదట సముద్రానికి వీపు త్రిప్పి ఉత్తరానికి పోతుంది. డుడుమ వద్ద లోయలోకి దూకి, పిమ్మట నైరుతికి మరలి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలోను, శబరి కూనవరం వద్ద గోదావరిలోను కలుస్తవి. సముద్రానికి నూరు కిలోమీటర్లయినా లేని చోట పడిన చినుకు వందల కిలోమీటర్లు చుట్టి వచ్చి గాని సముద్రం చేరదు. డుడుమ దగ్గర ఈ నీటితోనే 1955 నుండి విద్యుత్తు తీస్తున్నారు.

ఇక ఊళ్ళ సంగతి. మైదానంలో ఊరంటే చెరువు, దాని వెనుక వేలాది జనం. మన్యంలో ఊరంటే ఒక ఊట, దాని పక్కన పదో ముప్పదో ఇండ్లు. లోయ అడుగున గెడ్డ వెంబడి మెట్లు మెట్లుగా వరిమడులు, వాటికి పైగా ఇండ్లు, ఇండ్లకు పైగా చరియల మీద పోడు, ఆ పైన అడవి. కార్తీక మార్గశిరాలలో వలిసె చేలు పూసి చరియలన్నీ పసుపు పూసినట్లు ఉంటవి. ఏజెన్సీలో మూడున్నర వేలకు పైగా ఇటువంటి ఆవాసాలు ఉన్నవి; సగటున ఒక్కొక్క దానికి నూట డెబ్బై మంది. ఒకే ఊట నీరు, ఒకే లోయ అడుగు మడి ఎందరిని పోషించగలవో అంతే జనం అక్కడ నిలుస్తారు. మిగిలినవారు మరొక ఊట వెదుక్కొంటారు. బడి, ఆస్పత్రి, బాట నిర్మించేటప్పుడు వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఈ అమరికలోనే ఉన్నది.

ఇట్టి చోట జనాన్ని లెక్కించడం కూడా కష్టమే అయినది. బ్రిటిషు కాలంలో జనాభా లెక్క దేశమంతటా ఒకే రాత్రి తీసేవారు. లాంతరు పట్టుకొని ఇంటింటికి తిరిగే ఆ పద్ధతి కొండల్లో సాగదు. దారి లేదు, చదువు వచ్చిన లెక్కగాడు దొరకడు, పులి భయం వేరే. అందుచేత ఏజెన్సీలో పగటిపూట, కొన్ని వారాల పాటు విడిగా లెక్క తీసేవారు. 1941 నుండి ఒకే రాత్రి లెక్క అనే పద్ధతినే దేశమంతటా మానివేసినారు. కాబట్టి పాత పుస్తకాలలోని ఏజెన్సీ అంకెలను మైదానపు అంకెలతో సమానంగా నమ్మరాదు.

లెక్కగాడికి మరొక ఇబ్బంది భాష. మనదేశపు మూడు పెద్ద భాషా కుటుంబాలు ఈ కొండలలో కలుసుకొంటున్నవి. సంతలో అందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే ఆదివాసీ ఒరియా ఆర్య భాష. కువి, కొండ భాషలు ద్రావిడాలు. ఆ కుటుంబంలో తెలుగుకు మిక్కిలి దగ్గరి చుట్టాలు. గదబలలో ఒక తెగ మాట్లాడే గుతోబు ముండా కుటుంబానికి చెందినది. మరొక తెగ గదబలు మాట్లాడేది ద్రావిడ భాష! జాతి పేరు ఒకటే గనుక లెక్కల పుస్తకంలో రెండూ ‘గదబ’ అనే ఒకే పద్దు కింద పడినవి. కొండదొరల భాష కూడా చిరకాలం ఇట్లాగే మరుగున ఉండిపోయినది. భద్రిరాజు కృష్ణమూర్తి 1950లలో అరకు ప్రాంతానికి పోయి, ఆ భాషను విని, వ్రాసుకొని, దాని వ్యాకరణాన్ని 1969లో గ్రంథంగా వెలువరించినారు. తెలుగు పూర్వరూపాలను ఊహించేటప్పుడు ఈ భాషల సాక్ష్యం శాసనాల సాక్ష్యానికి తీసిపోదు.

ఇంతమంది వేరువేరు జనం ఇన్ని శతాబ్దాలు తమ తమ లోయల్లో నిలువగా, కిందనే ఉన్న తెలుగు రైతు పైకి ఎందుకు ఎక్కలేదు? మైదానంలో భూమికి కరువు వచ్చిన కాలంలో కూడా ఎక్కలేదు. దీనికి నాకు తోచే ముఖ్య కారణం జ్వరం. మన్యపు జ్వరమంటే కింది జనానికి ఉన్న హడలు అంతా ఇంతా కాదు. ఏజెన్సీకి బదిలీ అయితే శిక్షగానే భావించేవారు.

సర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సంగతి మనకు తెలుసు. కాని అన్ని దోమలూ మలేరియాను మోయవు; మోసేవి కూడా అన్ని నీళ్ళలో పుట్టవు. ఈ కొండలలో ముఖ్య దోషి అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ అనే జాతి. దీనికి మురుగు నచ్చదు. తేటగా, నెమ్మదిగా పారే నీరు కావాలి. అంచున గడ్డి ఉండాలి. కొండ గెడ్డలు, మెట్ల మడుల నుండి ఊరే కాలువలు దీనికి సరిగా సరిపోయినవి. వానాకాలంలో గెడ్డలు ఉరవడిగా పారుతూ పిల్లపురుగులను కొట్టుకొనిపోతవి. వానలు వెనుకబట్టి ప్రవాహం నెమ్మదించిన తర్వాత, ఆశ్వయుజం నుండి పుష్యం దాకా, దోమకూ జ్వరానికీ మంచి అదను. ఆరువందల నుండి పన్నెండువందల మీటర్ల ఎత్తు దీనికి అనుకూలం. ఉదకమండలం వంటి చోట చలి వలన దోమలోని క్రిమి పెరగదు. నీలగిరుల పైభాగం నిండి, మన్యం నిండకపోవడానికి జవాబులో చాలా భాగం ఇక్కడ ఉన్నది. కొండ ఎత్తుగా ఉండడం కాదు, మధ్యస్థంగా ఉండడమే మన్యాన్ని వేరు చేసినది.

మరి కొండవారికి జ్వరం రాదా? వస్తుంది. పసితనంలోనే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక ఊరిలో మలేరియా ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి వైద్యులు రెండు నుండి తొమ్మిదేండ్ల లోపు పిల్లల కడుపు తడిమి, ప్లీహం పెరిగినవారు నూటికి ఎందరో లెక్క కడతారు. సగానికి మించితే అది తీవ్ర మలేరియా ప్రాంతం. ఈ కొండలకు ఆనుకొన్న జయపురం అడవులలో 20వ శతాబ్దం మొదటి భాగంలో చేసిన పరిశీలనలలో ఇట్టి తీవ్రతే కనబడినది. అయిదేండ్లు దాటి బ్రతికిన బిడ్డకు కొంత నిరోధక శక్తి వస్తుంది. అనగా కొండవారి ‘అలవాటు’ అని మనం తేలికగా అనే దాని వెనుక ఎందరో పసిపిల్లల మరణాలు ఉన్నవి. ఎర్ర రక్తకణం కొడవలి ఆకారం పొందే వంశానుగత లక్షణం కూడా ఈ తెగలలో కొందరికి ఉన్నది. తల్లి నుండిగాని తండ్రి నుండిగాని, ఒక్కరి నుండే ఆ లక్షణం వస్తే మలేరియా నుండి కొంత రక్షణ. ఇద్దరి నుండీ వస్తే తీవ్రమైన రోగం. రక్తలక్షణాలకూ మలేరియాకూ ఇట్టి సంబంధం ఉండవచ్చునని 1949లో సూచించినవాడు జె. బి. ఎస్. హాల్డేన్. ఆయన చివరి రోజులు గడిపి 1964లో మరణించినది ఈ తూర్పు కనుమలకు సమీపాన ఉన్న భువనేశ్వరంలోనే.

జ్వరం ఒక గోడ అయితే, ప్రభుత్వపు ఏర్పాటు మరొకటి. కొండ జమీందారీలలో తరచు చెలరేగిన అలజడుల పిమ్మట 1839లో కుంఫిణీ ప్రభుత్వం 24వ చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా నియమించినది. ‘ఏజెన్సీ’ అనే మాట ఇట్లా పుట్టినది. ఈ ఏర్పాటు కొండవారి మేలు కోరి చేసినది కాదు, తక్కువ ఖర్చుతో పాలించడానికి చేసినది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు నేలలు రిజర్వు అడవులైపోయినవి. కల్లు పన్ను మొదలైన బాధల వలన 1879లో రంపలో తిరుగుబాటు లేచినది. నర్సీపట్నం నుండి చింతపల్లి పోయే బాట పనిలో కొండవారిని వెట్టికి పట్టి, కూలి ఎగవేయడం 1922 నాటి తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసినది. 1924 మే 7న ఆయన మరణించేవరకు ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును దింపవలసి వచ్చినది. కొండ బాట తెలియని ఆ బలగాలకు జ్వరం కూడా శత్రువే.

ఇంతకంటె తక్కువగా ప్రసిద్ధి కెక్కినది 1917 నాటి చట్టం. షావుకారు అప్పు పెట్టి, వడ్డీ కింద మడిని కాజేయడం చూచి, ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివారి భూమి ఇతరులకు బదిలీ కారాదని ఈ చట్టం నిర్దేశించినది. వడ్డీ ఏటా నూటికి 24 మించరాదన్నది. దీని స్థానంలో 1959లో కొత్త రెగ్యులేషను, 1970లో దాని సవరణ వచ్చినవి. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని కొండల్లో చదువురానివారు సైతం చెప్పుకొనేది ఆ సవరణనే. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువు కానంతవరకు, గిరిజనుని వద్ద నుండి వచ్చినదిగానే పరిగణించాలని అది చెప్పినది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గనుల కౌళ్ళపై వచ్చిన సమత వ్యాజ్యంలో 1997 జులై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం సైతం ఇట్టి భూమిని గిరిజనేతరులకు గనుల కోసం ఇవ్వరాదని తీర్పు చెప్పినది.

ఈ చట్టాలకు అసలు పరీక్ష జ్వరం తగ్గిన తర్వాతే వచ్చినది. ఫ్లువియాటిలిస్ దోమ ఇండ్లలోను, పశువుల పాకలలోను గోడలమీద వ్రాలుతుంది, గోడకు డి.డి.టి. కొడితే చస్తుంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలైనవి. జ్వరం పూర్తిగా పోలేదు. 1970లలో దేశమంతటా తిరగబడినది, మన్యంలో తర్వాతి దశాబ్దాలలోనూ ప్రాణాలు తీసినది. కాని పాత హడలు పోయినది. సరిగా ఆ దశకంలోనే, 1960లలో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి కొత్తవలస నుండి కిరండూలుకు రైలుమార్గం వేసినారు. యాభైకి పైగా సొరంగాలతో కొండలెక్కే ఈ దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరు మార్గం పడేవరకు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే మిక్కిలి ఎత్తయినది. దోమ తగ్గి, దారి పడి, ఇక మైదానం ఎక్కి రాకుండా ఆపగలిగినది చట్టం ఒక్కటే. అది ఎక్కడికక్కడ అతిక్రమణకు గురి అయిన మాట నిజమే. అయినా 2011 నాటికి ఇక్కడ నూటికి తొంభై మంది గిరిజనులే ఉన్నారంటే, ఆ చట్టం పని చేయలేదని అనడానికి వీలులేదు.

జ్వరం తగ్గితే పసిపిల్లలు బ్రతుకుతారు. జనసంఖ్య లోపలి నుండే పెరుగుతుంది. దీని ఫలితం పోడు మీద ఎట్లా పడుతుందో విద్యార్థులు చిన్న లెక్కతో గ్రహించవచ్చును. ఒక కుటుంబం ఏటా ఒక హెక్టారు దున్ని, రెండేండ్లు సాగుచేసి, పదేండ్లు బీడు వదులుతుందనుకొందాం. పన్నెండేండ్ల చక్రానికి దానికి ఆరు హెక్టార్లు కావాలి. జనం రెట్టింపైతే కుటుంబానికి మూడే మిగులుతవి. చక్రం ఆరేండ్లకు తగ్గి, బీడు నాలుగేండ్లే అవుతుంది. మరొకసారి రెట్టింపైతే బీడుకు దక్కేది ఒక్క ఏడాది. అడవి తిరిగి మొలవడానికి నాలుగేండ్లయినా చాలవు, ఒక్క ఏడాది మాట చెప్పనక్కరలేదు. రిజర్వు అడవులు నేలను తగ్గించినవి. పెరిగిన జనం ఉన్న నేలను పంచుకొన్నారు. పోడు వలన కొండ బోడి అయినదని మైదానం వారు నిందిస్తూ ఉంటారు గాని, నేల చాలినంత కాలం పోడు వలన అడవి చావలేదు. కొండకు ముప్పు తెచ్చినది పోడు కాదు, బీడు కాలం కుదించుకుపోవడం.

దీనికి విరుగుడుగా ప్రభుత్వం తెచ్చినది కాఫీ. 1970ల తర్వాత గిరిజన కుటుంబాల చేతనే, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగలతో కలిపి దీనిని వేయించినారు. కాఫీ నీడ లేనిదే బాగా పెరగదు గనుక చరియల మీద చెట్టు నిలిచినది; మన్ను కొట్టుకొనిపోవడం తగ్గినది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అయితే సామలు, చోళ్ళు, కందులు పండిన చరియ ఆ ఇంటివారికి తిండి పెట్టేది. కాఫీ చరియ డబ్బు మాత్రమే ఇస్తుంది. ఆ డబ్బు ఎంతో నిర్ణయమయ్యేది కొండ మీద కాదు, దూరదేశపు మార్కెట్లలో. ధర బాగున్న ఏడు సంతలో బియ్యం, బట్ట, నూనె కొంటారు. ధర పడిన ఏడు గింజలు ఇంట్లో ఉన్నా, అవి వండుకొని తినేవి కావు.